పేరు మార్చాలా, ఉంచాలా, రెండూ నడపాలా? కోడ్ సర్దేటప్పుడు ఫంక్షన్ పేర్లతో ఏం చేయాలి

రెండు వేల లైన్ల 'యుటిల్స్' ఫైలును నాలుగు మాడ్యూళ్లుగా విడగొట్టే పని మీ మీద పడిందనుకోండి. ఏ ఫంక్షన్ ఎటు వెళ్లాలో తేల్చడం అంత కష్టం కాదు. చిక్కంతా ఆ తర్వాతే. 'ప్రాసెస్_డేటా', 'హ్యాండిల్_రిక్వెస్ట్2', 'గెట్_యూజర్_ఇన్ఫో_న్యూ' లాంటివన్నీ పాత పేర్లతోనే కొత్త చోటికి వచ్చి కూర్చుంటాయి. రివ్యూలో ఒకరు "ఎలాగూ ముట్టుకున్నాం, పేరు కూడా మార్చేద్దాం" అంటారు. ఇంకొకరు "ఇప్పుడు దాని జోలికి వెళ్లొద్దు" అంటారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది కాబట్టే వాదన ఎటూ తెగదు.

ఆ పేరు బాగుందా లేదా అన్న చుట్టూనే మాటలు తిరిగితే ఎప్పటికీ తెగదు కూడా. నేనైతే ముందు రెండు ప్రశ్నలు అడుగుతాను. ఈ పేరు అబద్ధం చెబుతోందా? ఈ పేరు ఇప్పటికే ఎంత దూరం పాకింది? వీటికి జవాబు దొరికాక మిగిలే దారులు నాలుగే: ఉన్నదున్నట్టు ఉంచడం, ఒక్క దెబ్బతో మార్చడం, పాతదీ కొత్తదీ కొంతకాలం కలిపి నడపడం, పేరు సంగతి వదిలేసి ఫంక్షన్‌నే విడగొట్టడం.

వికారం వేరు, అబద్ధం వేరు

సీ భాషలో స్ట్రింగ్ పొడవు చెప్పే 'స్ట్ర్‌లెన్', మెమరీ తీసిచ్చే 'మాలాక్' పేర్లను ఇవాళ ఎవరైనా పుల్ రిక్వెస్ట్‌లో (మార్పులు కలపమని పంపే అభ్యర్థనలో) పెడితే రివ్యూ దాటవు. కానీ అవి పుట్టిన కాలంలో లింకర్లు (కంపైలైన ముక్కలను ఒకే ప్రోగ్రామ్‌గా కలిపే సాధనాలు) పొడవు పేర్లను భరించేవి కావు. 1989 నాటి సీ ప్రమాణం సైతం, ఫైలు బయటికి కనిపించే పేర్లలో మొదటి 6 అక్షరాలకు మాత్రమే హామీ ఇచ్చింది. 1999 ప్రమాణంలో అది 31కి పెరిగింది. యూనిక్స్‌లో ఫైలు సృష్టించే సిస్టమ్ కాల్‌కైతే 'క్రియేట్' స్పెల్లింగ్‌లో చివరి 'ఈ' అక్షరమే లేదు. యూనిక్స్‌ను మళ్లీ మొదటినుంచి చేస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ 'ఈ' చేరుస్తానని దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ అన్న మాట ప్రోగ్రామర్లలో అందరికీ తెలిసిందే. ఏ పేజీ నుంచి వచ్చామో చెప్పే హెచ్‌టీటీపీ 'రెఫరర్' హెడర్‌దీ అదే కథ. ఒక 'ఆర్' తగ్గిన స్పెల్లింగ్‌తోనే అది 1996లో ఆర్‌ఎఫ్‌సీ 1945 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంలోకి ఎక్కింది, ఇప్పటికీ అలాగే ఉంది.

ఇవి చూడటానికి బాగోలేని పేర్లు, అంతే. చదివినవాడిని తప్పుదారి పట్టించవు. ఒకసారి నేర్చుకుంటే చాలు.

అబద్ధం చెప్పే పేరు అలా కాదు. 'గెట్_ఆర్డర్' అన్న ఫంక్షన్, ఆర్డర్ దొరక్కపోతే చప్పుడు చేయకుండా కొత్తది సృష్టిస్తుంది. 'వాలిడేట్_ఫారం' సరిచూసి ఊరుకోకుండా డేటాబేస్‌లో సేవ్ కూడా చేస్తుంది. 'ఈజ్_యాక్టివ్' అవునో కాదో చెబుతూనే 'చివరిసారి కనిపించిన సమయం' అనే కాలమ్‌ను మార్చేస్తుంది. ఇలాంటివి పిలిచేవాళ్లు లోపలి కోడ్ చదవరు. చదవనక్కర్లేకుండా చేయడానికే కదా పేరు ఉన్నది. ఎవరో రిపోర్ట్ పేజీలో 'ఈజ్_యాక్టివ్'ను లూప్‌లో పిలుస్తారు, అందరూ ఆ క్షణంలోనే లాగిన్ అయినట్టు రికార్డవుతుంది. ఈ రకం పేరు ఎంత అందంగా ఉంటే అంత ప్రమాదం.

మూడో రకం కూడా ఉంది: 'ప్రాసెస్_డేటా', 'డూ_వర్క్', 'హ్యాండిల్_ఐటమ్' లాంటివి. ఇవి అబద్ధమూ చెప్పవు, నిజమూ చెప్పవు. వీటికి మంచి పేరు వెతుకుతూ అరగంట గడిచిందంటే, తప్పు పేరులో కాకుండా ఫంక్షన్‌లో ఉందన్నమాట. దాని సంగతి విడగొట్టడం దగ్గర చూద్దాం.

ఎంత దూరం పాకింది

ఒకే ఫైలులో ప్రైవేట్‌గా ఉన్న ఫంక్షన్ పేరు మార్చడానికి ఎవరినీ అడగనక్కర్లేదు. దాని మీద చర్చ పెట్టడం కూడా దండగే. ప్రాజెక్టు అంతా వాడుతున్నదైనా, వాడేవాళ్లందరి కోడ్ ఒకే రిపాజిటరీలో (కోడ్‌ను చరిత్రతో సహా దాచే చోట) ఉంటే ఒకే కమిట్‌లో, అంటే ఒకేసారి భద్రపరిచే మార్పుల కట్టలో, అందరినీ మార్చవచ్చు. వేరే రిపాజిటరీలోని టీమ్ వాడుతుంటే ఆ సౌకర్యం పోతుంది, ఎందుకంటే మీ మార్పూ వాళ్ల మార్పూ ఒకే క్షణంలో జరగవు. బయటికి విడుదల చేసిన లైబ్రరీ అయితే ఎవరు వాడుతున్నారో కూడా తెలియదు.

దీనికి జావాస్క్రిప్ట్ చరిత్రలో మంచి ఉదాహరణ ఉంది. అరేలో అరేలుంటే వాటిని చదును చేసే మెథడ్‌కు ముందు 'ఫ్లాటెన్' అనే పేరు అనుకున్నారు. మూటూల్స్ అనే పాత లైబ్రరీ అప్పటికే అరేలకు అదే పేరుతో తన సొంత మెథడ్ తగిలించి ఉంది. దాన్ని వాడే వెబ్‌సైట్లు ఎన్నెన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు, అవి విరిగిపోతాయని తెలుసు. 2018లో పెద్ద చర్చే నడిచి, చివరికి 2019 ప్రమాణంలోకి 'ఫ్లాట్' అన్న పేరుతో వచ్చింది. అంతకు ముందు 'కంటెయిన్స్' కూడా అదే లైబ్రరీ వల్ల 'ఇన్‌క్లూడ్స్' అయింది. పాకిపోయిన పేరు మీద దాన్ని పెట్టినవాళ్లకు కూడా అధికారం ఉండదు.

ఇంకా దూరపు మెట్టు ఒకటుంది, చాలామంది దాన్ని మర్చిపోతారు. డిస్క్ మీదో, క్యూలోనో, డేటాబేస్‌లోనో అక్షరాలుగా రాసి ఉన్న పేర్లు. వాటి గురించి కింద విడిగా చెబుతాను.

ఉన్నదున్నట్టు ఉంచడం

నిజమే చెబుతున్నా వికారంగా ఉండి, దూరం పాకిన పేరును వదిలేయండి. త్వరలో తీసేయబోయే ఫంక్షన్‌ను కూడా. టీమ్ అంతా నోటితో పలికే మాటే పేరైనప్పుడు, అది బయటివాళ్లకు వింతగా ఉన్నా సరే, వదిలేయడమే మేలు. మీటింగుల్లో అందరూ 'రీకన్సైల్' అంటుంటే కోడ్‌లో 'మ్యాచ్_పేమెంట్స్' అని దిద్దితే స్పష్టత పెరగదు, రెండు భాషలు తయారవుతాయి.

ఇక్కడే చూడాల్సింది చుట్టూ ఉన్న కుటుంబం. మాడ్యూల్‌లో 'ఫెచ్_'తో మొదలయ్యే ఫంక్షన్లు ముప్పై ఉండగా, సరైన మాట 'లోడ్_' అని మీకు తోచి ఒక్కదాన్ని మారిస్తే, చదివేవాళ్లు ఆ తేడాకు లేని అర్థం వెతుకుతారు. మారిస్తే ముప్పైయీ మార్చాలి, లేదంటే ఆ ఒక్కటీ అలాగే ఉండాలి.

ఉంచడానికి కూడా ఖర్చుంది. కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ ఆ పేరు దగ్గర ఒకసారి ఆగుతారు. ఫంక్షన్ పైన ఒక లైను డాక్ కామెంట్‌తో ఆ ఖర్చు చాలావరకు తీరిపోతుంది. అబద్ధం చెప్పే పేరుకు మాత్రం ఈ వైద్యం పనిచేయదు. పిలిచే చోట ఆ కామెంట్ కనిపించదు కదా.

ఒక్క దెబ్బతో మార్చడం

కోడ్ అంతా మీ చేతిలో ఉంటే నా మొగ్గు దీనివైపే. సగం పాత, సగం కొత్త అన్న స్థితి ఒక్క రోజు కూడా ఉండదు. ఎడిటర్లు ఈ పనిని ఒక మీట నొక్కుడుకు కుదించాయి: వీఎస్ కోడ్‌లో ఎఫ్2, జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో షిఫ్ట్ ఎఫ్6.

ప్రమాదం మీ బ్రాంచ్‌లో (కోడ్ మీద విడిగా నడిచే మీ ప్రతిలో) లేదు, పక్కవాళ్ల బ్రాంచ్‌లో ఉంది. మీరు 'గెట్_ఆర్డర్'ను 'ఫైండ్_ఆర్_క్రియేట్_ఆర్డర్'గా మార్చిన రోజే, ఇంకొకరి బ్రాంచ్‌లో కొత్త ఫైలు పుట్టి అందులో 'గెట్_ఆర్డర్' అని పిలుపు ఉందనుకోండి. రెండూ వేర్వేరు ఫైళ్లు కాబట్టి గిట్ ఎక్కడా గొడవ పెట్టకుండా మెర్జ్ చేసేస్తుంది. స్టాటిక్ టైప్ భాషలో అయితే బిల్డ్ ఆగుతుంది. పైథాన్‌లోనో రూబీలోనో అయితే ఆ లైను నడిచేదాకా ఎవరికీ తెలియదు. ఆ లైను తప్పు జరిగినప్పుడు మాత్రమే నడిచే దారిలో ఉంటే ప్రొడక్షన్‌లోనే తెలుస్తుంది.

అందుకని డైనమిక్ భాషల్లో, సొంత ప్రాజెక్టులో కూడా, పాత పేరును ఏలియాస్‌గా (అదే ఫంక్షన్‌కు రెండో పేరుగా) ఒకటి రెండు వారాలు ఉంచి, తెరిచి ఉన్న బ్రాంచ్‌లు మెర్జ్ అయ్యాక తీసేయడం తెలివైన పని. పేరు మార్చే కమిట్‌లో ఇంకే మార్పూ పెట్టకండి. రెండు వందల ఫైళ్ల తేడాలో ఒక లాజిక్ మార్పు దాగి ఉంటే ఏ రివ్యూయర్ కంటికీ చిక్కదు.

పాతదీ కొత్తదీ కలిపి నడపడం

వాడేవాళ్లు మీ చేతిలో లేనప్పుడు ఇదొక్కటే మర్యాద. అసలు కోడ్ కొత్త పేరులోకి వెళ్లాలి. పాత పేరు ఒక్క లైనులో కొత్తదాన్ని పిలిచి ఊరుకోవాలి. చాలామంది తొందరలో తిరగేసి, అసలు కోడ్‌ను పాత పేరులోనే వదిలి కొత్తదాన్ని ముసుగుగా పెడతారు. అలా చేస్తే తీసేసే రోజున మళ్లీ పని మొదలు.

హెచ్చరిక ఇచ్చే సాధనాలు చాలా భాషల్లో ఉన్నాయి. జావాలో 'డిప్రికేటెడ్' (పాతబడింది, వాడొద్దు) అన్న గుర్తుకు 2017లో, అంటే 9వ వెర్షన్‌లో, ఎప్పటినుంచి పాతబడిందో, తీసేసే ఉద్దేశం ఉందో లేదో చెప్పే అవకాశం చేరింది. పైథాన్ 3.13లో దీనికి ప్రామాణిక డెకరేటర్ (ఫంక్షన్ పైన పెట్టే గుర్తు) వచ్చింది. గోలో డాక్ కామెంట్‌లో 'డిప్రికేటెడ్' అన్న మాటతో ఒక పేరా రాస్తే టూల్స్ గుర్తిస్తాయి. పైథాన్‌తో ఒక జాగ్రత్త: డిప్రికేషన్ హెచ్చరికలు మామూలుగా అణిచిపెట్టి ఉంటాయి, నేరుగా నడిపిన ప్రధాన స్క్రిప్ట్‌లోని కోడ్ వల్ల వచ్చినవైతేనే కనిపిస్తాయి. టెస్టులు నడిపే పైటెస్ట్ వాడితే చివర్లో చూపిస్తుంది. "హెచ్చరిక పెట్టాం, ఎవరూ మారలేదు" అని విసుక్కునే ముందు, ఆ హెచ్చరిక ఎవరికైనా కనబడిందా అని చూడండి.

ఎంతకాలం నడపాలి? పైథాన్ టెస్టుల లైబ్రరీ యూనిట్‌టెస్ట్‌లో 'అసర్ట్_ఈక్వల్స్' అనే అదనపు పేరును 2011లో, 3.2 వెర్షన్‌లో పాతబడిందని ప్రకటించారు. అది నిజంగా పోయింది 2023లో, 3.12తో. జావాలో తేదీ క్లాసులోని 'గెట్_ఇయర్' 1.1 వెర్షన్‌లోనే డిప్రికేట్ అయింది. సంవత్సరం అడిగితే అందులోంచి 1900 తీసేసి ఇచ్చే ఆ మెథడ్ ఇంకా అక్కడే ఉంది. గో భాష 2021లో, 1.16తో, 'ఐఓయుటిల్' ప్యాకేజీలోని ఫంక్షన్లను వేరే ప్యాకేజీల్లోకి తరలించి, పాతవాటిని కొత్తవాటిని పిలిచే ముసుగులుగా వదిలేసింది. ప్రపంచమంతా వాడే భాషలకు ఆ ఓర్పు తప్పదు. పదిమంది టీమ్‌కు అంత అక్కర్లేదు. మీ ప్రాజెక్టులో తేదీ లేని ఏలియాస్‌ను నేను నాలుగు దారుల్లోనూ అధమం అంటాను: ఆటో కంప్లీట్ రెండు పేర్లూ చూపిస్తుంది, ఎవరికి తోచింది వాళ్లు ఎంచుకుంటారు, ఏడాది తిరిగేసరికి పాత పేరు వాడకం పెరిగి ఉంటుంది. కొత్త పేరు పెట్టిన రోజే పాతదాన్ని తీసేసే పుల్ రిక్వెస్ట్‌ను కూడా డ్రాఫ్ట్‌గా తెరిచి, ఒక మనిషి పేరూ ఒక తేదీ దానికి తగిలించండి.

పేరు కాదు, ఫంక్షన్‌నే విడగొట్టడం

పైథాన్‌లోని 'టైమ్.క్లాక్' యూనిక్స్ మీద ప్రాసెసర్ వాడిన సమయాన్ని ఇచ్చేది, విండోస్ మీద గోడ గడియారంలా గడిచిన సమయాన్ని ఇచ్చేది. ఒకే పేరు, రెండు వేర్వేరు కొలతలు. దానికి ఎంత మంచి పేరు వెతికినా ఏం లాభం? 2012లో 3.3 వెర్షన్‌తో 'పెర్ఫ్_కౌంటర్', 'ప్రాసెస్_టైమ్' అని రెండు ఫంక్షన్లు తెచ్చారు, 2019లో 3.8తో 'క్లాక్'ను తీసేశారు. ఎవరికి ఏది కావాలో వాళ్లే ఎంచుకోవాల్సి వచ్చింది. ఎడిటర్‌లోని రీనేమ్‌తో తేలే పని కాదది.

మీ కోడ్‌లో ఇలాంటిది పట్టుకోవడానికి ఒక చిట్కా. ఫంక్షన్ చేసే పనిని నిజాయితీగా, పూర్తిగా పేరుగా రాయండి. 'వాలిడేట్_అండ్_సేవ్_అండ్_నోటిఫై' అని తేలిందంటే ఆ పేరును కమిట్ చేయకండి, 'అండ్' ఉన్న చోటల్లా కోయండి. 'సేవ్_యూజర్'కు చివర్లో ట్రూ, ఫాల్స్ పంపే పారామీటర్ ఉంటే అదీ ఇదే జబ్బు. పిలిచే చోట ఆ ట్రూ అంటే ఏమిటో ఎవరికీ గుర్తుండదు. 'సేవ్_యూజర్', 'సేవ్_యూజర్_క్వైట్లీ' అని రెండయితే గుర్తుంచుకోవాల్సిన పనే లేదు.

అయితే విడగొట్టడమంటే ప్రవర్తన ముట్టుకున్నట్టే. సర్దుడు పనిలో దీన్ని కలిపితే ఏ మార్పు వల్ల ఏం విరిగిందో చెప్పలేం. టికెట్ రాసి పక్కన పెట్టండి. ఆలోగా అబద్ధం చెప్పే పేరును నిజం చెప్పే పొడవాటి పేరుగా మార్చి ఉంచితే, వికారంగా ఉన్నా సరే, నష్టం లేదు.

ముందు తరలింపా, ముందు పేరా

సాధారణంగా ముందు తరలించండి, తర్వాత పేరు చూడండి. కొత్త చోటు తెలియకుండా సరైన పేరు తెలియదు. 'యుటిల్స్'లో ఉన్నంతకాలం 'ఇన్‌వాయిస్_టోటల్' అన్న పేరుకు అర్థముంది. అది 'ఇన్‌వాయిస్' మాడ్యూల్‌లోకి వెళ్లాక పిలిచే చోట 'ఇన్‌వాయిస్.ఇన్‌వాయిస్_టోటల్' అవుతుంది. అప్పుడు 'ఇన్‌వాయిస్.టోటల్' చాలు. గో భాషవాళ్లు దీన్ని నియమంగానే పెట్టుకున్నారు: 'బఫ్‌ఐఓ' ప్యాకేజీలో ఉన్నది 'రీడర్', 'బఫ్_రీడర్' కాదు, ఎందుకంటే వాడేవాళ్లకు అది ఎప్పుడూ ప్యాకేజీ పేరుతో కలిసే కనిపిస్తుంది. అదే గోలో పేరు మొదటి అక్షరం పెద్దదైతే ఫంక్షన్ ప్యాకేజీ బయటికి కనబడుతుంది, చిన్నదైతే లేదు. అక్కడ అక్షరం మార్చడం కూడా సర్దుడు నిర్ణయమే.

రెండో కారణం గిట్. ఫైలు పేరు మారిందన్న సంగతిని గిట్ ఎక్కడా రాసిపెట్టుకోదు. పాత, కొత్త ఫైళ్ల పోలిక చూసి ఊహిస్తుంది, మామూలు హద్దు 50 శాతం. తరలింపు, పేర్ల మార్పు ఒకే కమిట్‌లో కుక్కితే పోలిక ఆ హద్దు కిందికి జారవచ్చు. అప్పుడు ఆ ఫైలు చరిత్ర అక్కడితో తెగినట్టు కనిపిస్తుంది. వేర్వేరు కమిట్లయితే ఈ బాధ లేదు. మెర్జ్ చేసేటప్పుడు వాటిని స్క్వాష్ చేసి ఒకటిగా కలిపేస్తే మాత్రం ఆ జాగ్రత్తంతా వృథా. పేర్లు మాత్రమే మారిన కమిట్‌ను బ్లేమ్ (ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూపే ఆదేశం) పట్టించుకోకుండా చేయడానికి 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి వీలుంది. అలాంటి కమిట్ల జాబితాను ఒక ఫైలులో ఉంచితే చాలు.

ఈ క్రమానికి మినహాయింపు ఒకటి. ఇప్పటిదాకా ప్రైవేట్‌గా ఉన్న ఫంక్షన్ తరలింపు వల్ల అందరికీ కనబడబోతుంటే, అబద్ధపు పేరును ముందే దిద్దండి. అది పబ్లిక్ అయిన మర్నాటి నుంచే వాడేవాళ్లు పోగవుతారు.

ఏ సాధనంతో మార్చాలి

టైప్‌లున్న భాషలో ఎడిటర్ రీనేమ్ దాదాపు నమ్మదగ్గది, కానీ అది తెరిచి ఉన్న ప్రాజెక్టునే చూస్తుంది, పక్క రిపాజిటరీని చూడదు. పైథాన్ లాంటి భాషల్లో వస్తువు టైప్ ఊహకు అందని చోట మెథడ్ పిలుపులను వదిలేయగలదు. వెతికి మార్చడం దానికి సరిగ్గా వ్యతిరేకం: అన్నీ దొరుకుతాయి, అక్కర్లేనివి కూడా. 'గెట్_యూజర్'ను మార్చబోతే 'గెట్_యూజర్_లిస్ట్' కూడా మారిపోతుంది, మాట హద్దులు (పూర్తి మాటనే పట్టాలన్న షరతు) పెట్టకపోతే. ఇంకో క్లాసులో అదే పేరున్న వేరే మెథడ్‌ను మాట హద్దులు కూడా కాపాడలేవు.

పాత పేరును తొలగించి కంపైలర్ చూపే తప్పుల వెంట వెళ్లడం నాకు ఇష్టమైన పద్ధతి, ఎందుకంటే ప్రతి పిలుపునూ కంటితో చూస్తాం. కాకపోతే వేరే ప్లాట్‌ఫారమ్ కోసం షరతుతో కంపైలయ్యే భాగాలు మీ మెషీన్‌లో కంపైల్ కావు, అక్కడి తప్పులు మీకు కనిపించవు. పిలుపులు వందల్లో ఉండి, పారామీటర్ల వరస కూడా మారుతుంటే కోడ్ నిర్మాణాన్ని అర్థం చేసుకుని మార్చే సాధనాలు కావాలి: జావాస్క్రిప్ట్‌కు జేఎస్‌కోడ్‌షిఫ్ట్, జావాకు ఓపెన్‌రీరైట్, పైథాన్‌కు లిబ్‌సీఎస్‌టీ, లినక్స్ కెర్నెల్‌లో సీ కోడ్ మార్చడానికి వాడే కాక్సినెల్. చిన్న పనికి ఇవి అనవసరం.

నా సలహా: ఎడిటర్ రీనేమ్‌తో మార్చి, ఆ తర్వాత పాత పేరును మొత్తం రిపాజిటరీలో మామూలు టెక్స్ట్‌గా వెతకండి. మిగిలినవే అసలు ఆసక్తికరమైనవి.

మిగిలినవి ఎక్కడ దాక్కుంటాయి

పైథాన్‌లో పనులను క్యూలో పెట్టి నడిపే సెలరీలో టాస్క్‌కు విడిగా పేరు ఇవ్వకపోతే మాడ్యూల్, ఫంక్షన్ పేర్లు కలిపి అదే తయారుచేసుకుంటుంది. ఆ పేరుతోనే సందేశాలు క్యూలో నిలబడతాయి. మీరు పేరు మార్చి డిప్లాయ్ చేసే క్షణానికి క్యూలో ఉన్న పాత సందేశాలను వర్కర్ గుర్తుపట్టదు, మామూలు సెట్టింగుల్లో వాటిని పారేస్తుంది. ఫంక్షన్ పేరు మార్చకపోయినా, ఫైలు మార్చినా ఇదే జరుగుతుంది. కోడ్ సర్దేవాళ్లు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. టాస్క్‌కు ముందే స్థిరమైన పేరు ఇచ్చి ఉంచడం దీనికి మందు. వస్తువులను ఫైలులో దాచే పైథాన్ పికిల్ కూడా ఫంక్షన్‌ను దాని కోడ్‌తో దాచదు, మాడ్యూల్ పేరూ ఫంక్షన్ పేరూ రాసుకుంటుంది. నిరుడు దాచిన ఫైలును తెరిచినప్పుడు ఆ చోట ఆ పేరు లేకపోతే అంతే సంగతులు.

జావాలో డేటాబేస్ పనికి వాడే స్ప్రింగ్ డేటాలో రిపాజిటరీ (ఇక్కడ డేటాను తెచ్చిచ్చే ఇంటర్‌ఫేస్, కోడ్ దాచే చోటు కాదు) మెథడ్ పేరే క్వెరీ. 'ఫైండ్_బై_ఈమెయిల్' అన్న పేరులోంచే ఏ కాలమ్‌లో వెతకాలో అది తెలుసుకుంటుంది. చదవడానికి బాగుంటుందని దాన్ని తిరగరాస్తే క్వెరీ మారుతుంది, లేదా అప్లికేషనే మొదలవదు. మొదలవకపోవడమే అదృష్టం.

టెస్టులు ఇంకో రకం. పైటెస్ట్ 'టెస్ట్' అన్న మొదలును బట్టి ఫంక్షన్లను ఏరుకుంటుంది. 'టెస్ట్_లాగిన్_ఫెయిల్స్'ను 'లాగిన్_ఫెయిల్స్_టెస్ట్' అని మారిస్తే ఏదీ విరగదు. ఆ టెస్ట్ నడవడం మానేస్తుంది, రిపోర్ట్ పచ్చగానే ఉంటుంది. పేర్లు మార్చే ముందూ తర్వాతా టెస్టుల సంఖ్య సమానంగా ఉందో లేదో చూడటం ఒక్క క్షణం పని.

వారసత్వం దగ్గర కూడా ఇదే మౌనం. మూల క్లాసులో 'ఆన్_క్లోజ్'ను మార్చారు, వేరేచోటి ఉపక్లాసు పాత పేరుతోనే రాసుకుంది. ఇప్పుడది ఎవరూ పిలవని మామూలు మెథడ్. జావాలో ఓవర్‌రైడ్ గుర్తు, సీ ప్లస్ ప్లస్‌లో 2011 ప్రమాణంతో వచ్చిన ఓవర్‌రైడ్ మాట, పైథాన్ 3.12లోని ఓవర్‌రైడ్ డెకరేటర్ ఉన్నది దీనికోసమే. కాకపోతే పైథాన్‌ది టైప్ చెకర్ నడిపితేనే పట్టుకుంటుంది. పేర్లు మార్చడం మొదలుపెట్టే ముందు ఆ గుర్తులన్నీ పెట్టించండి, మిగతాది టూల్స్ చూసుకుంటాయి. హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్లు, కాన్ఫిగరేషన్ ఫైళ్లు, లాగ్‌లలో పేరు చూసి మోగే అలర్టులు మాత్రం చేత్తో వెతకాల్సిందే.

కొత్త పేరు ఎంచుకోవడం

రెండు మూడు పేర్ల మధ్య ఊగిసలాడుతుంటే ఫంక్షన్ నిర్వచనం చూడకండి. దాన్ని పిలిచే నిజమైన లైన్లు మూడు తీసుకుని, ఒక్కో పేరూ అక్కడ పెట్టి చదవండి. నిర్వచనం దగ్గర ముచ్చటగా ఉన్న పేరు, ఇఫ్ లోపల చదివితే నోరు తిరగకపోవచ్చు.

ఏ క్రియ వాడాలన్నది టీమ్ ఒకసారి తేల్చుకుని రాసిపెట్టుకోవాలి. నేను వాడే విభజన ఇది: దొరక్కపోతే ఖాళీ ఇచ్చేది 'ఫైండ్', దొరక్కపోతే ఎర్రర్ ఇచ్చేది 'గెట్', నెట్‌వర్క్ దాటి వెళ్లేది 'ఫెచ్'. వేరే విభజన పెట్టుకున్నా పరవాలేదు, ఒకటంటూ ఉండాలి. ఖర్చును పేరులో చెప్పడంలో రస్ట్ భాష ఆదర్శం. 'యాజ్_' అంటే దాదాపు ఉచితం, అరువు చూపు మాత్రమే. 'టు_' అంటే మార్పిడికి ఖర్చుంది. 'ఇన్‌టు_' అంటే అసలు వస్తువు మీ చేతిలోంచి పోతుంది. అదే రస్ట్‌లో 'ట్రిమ్_లెఫ్ట్'ను పాతబడిందని ప్రకటించి 'ట్రిమ్_స్టార్ట్' తేవడానికి కారణం కూడా నిజాయితీయే. అరబిక్, హీబ్రూ రాతల్లో మొదలు కుడివైపు ఉంటుంది, 'లెఫ్ట్' అనడం అక్కడ అబద్ధం.

ఒకే మాట క్రియగానూ విశేషణంగానూ చదవడానికి వీలుంటే వద్దు. సీ ప్లస్ ప్లస్ వెక్టర్‌లోని 'ఎంప్టీ' ఖాళీగా ఉందా అని అడుగుతుంది, ఖాళీ చేయదు. దాన్ని ఖాళీ చేసేదనుకుని పిలిచేవాళ్లు ఉన్నారు కాబట్టే, ఫలితాన్ని వాడకపోతే హెచ్చరించే గుర్తును 2020 ప్రమాణంలో దానికి తగిలించారు. కొన్నిసార్లు పేరు కావాలనే వికారంగా ఉండాలి. జావాస్క్రిప్ట్ లైబ్రరీ రియాక్ట్ 16.3లో, 2018లో, తప్పుగా వాడుకలో పడిన కొన్ని లైఫ్‌సైకిల్ మెథడ్ల ముందు 'అన్‌సేఫ్_' అని పెద్ద అక్షరాల్లో చేర్చిన పేర్లు తెచ్చారు, మార్చడానికి స్క్రిప్ట్ కూడా ఇచ్చారు. రాసేవాడి చేతికి నొప్పి తెలియాలన్నదే ఉద్దేశం.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. ఖాళీ అయిన పాత పేరును వెంటనే వేరే అర్థంతో వాడకూడదు. పైథాన్ 2లో 'ఇన్‌పుట్' అంటే టైప్ చేసినదాన్ని కోడ్‌లా నడిపేది. పైథాన్ 3లో అదే పేరు, పాత 'రా_ఇన్‌పుట్' పనిని చేస్తుంది, అంటే స్ట్రింగ్ ఇస్తుంది. కొత్త అర్థమే మంచిది, కానీ పాత ట్యుటోరియల్ చూసి రాసిన కోడ్ నడుస్తూనే వేరే ఫలితం ఇచ్చింది. స్విఫ్ట్ 2లో 'సార్ట్' కొత్త అరే ఇచ్చేది, స్విఫ్ట్ 3లో ఉన్న అరేనే మారుస్తుంది. అక్కడ కంపైలర్ చాలావరకు పట్టుకుంటుంది. మీ ప్రాజెక్టులో అంత కాపలా లేకపోతే, 'గెట్_ఆర్డర్' అన్న పేరును 'ఫైండ్_ఆర్_క్రియేట్_ఆర్డర్'గా మార్చిన తర్వాత, ఆ పాత పేరుతో అమాయకమైన కొత్త ఫంక్షన్ రాయడానికి కనీసం ఒక రిలీజ్ దాటేదాకా, పాత బ్రాంచ్‌లన్నీ మూసేదాకా ఆగండి. ఆలోగా ఎవరైనా పాత పేరు పిలిస్తే ఎర్రర్ రావాలి, వేరే ఆర్డర్ రాకూడదు.